సన్నగీత మేస్త్రీ విప్పిన పొయ్యి

మా మామయ్య చొక్కా జేబులో కలం ఉండదు, కళ్లజోడు ఉండదు. పోస్టుకార్డు కంటే పలచనైన ఉక్కు రేకు ఒకటి ఉంటుంది. రెండు వేళ్ల వెడల్పు, అరచేయంత పొడవు; వేలు తెగకుండా ఒక చివర గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఆయన గాజు కర్మాగారంలో ముప్పై ఒక్క సంవత్సరాలు కొలిమి మేస్త్రీగా పనిచేశారు. గాజును కరిగించే కొలిమికి లోపలివైపు, నిప్పును తట్టుకునే ఫైర్ ఇటుక పేర్చడం ఆయన పని. గోడ పూర్తయ్యాక ఆ రేకుతో ప్రతి అతుకునూ తాకి చూసేవారు. ఎక్కడైనా రేకు కొన దిగిందంటే ఆ వరుస మొత్తం విప్పించి తిరిగి కట్టేవారు. కాస్త దూరం నుంచి చూస్తే ఆయన గోడ పెన్సిలుతో గీతలు కొట్టిన కాగితంలా కనబడేదట. అందుకే తోటి పనివాళ్లు ఆయనను సన్నగీత అని పిలిచేవారు. పదవీ విరమణ రోజున బహూకరించిన గోడగడియారం మీద కూడా ఆ పేరే చెక్కించారు. అసలు పేరు జీతం పుస్తకంలోనే ఉండిపోయింది.

అతుకు అంత సన్నగా ఎందుకుండాలో ఆయన నాకు వివరించిన తీరు ఇది.

“ఇల్లు కట్టే మేస్త్రీకి ఇటుకల మధ్య పెట్టే మాలు అంటే పరుపమ్మా. ఇటుక వంకరగా ఉన్నా మందంగా పరిచి సర్దేస్తాడు. నాకు మాలు అంటే జిగురు. పరుపు మందంగా ఉంటే సుఖం, జిగురు మందంగా ఉంటే ఊడిపోతుంది. ఇటుక ఒకసారి నిప్పులో కాలి వచ్చింది, దానికి భయం లేదు. మాలు పచ్చిది. అందుకని పచ్చిదాన్ని ఎంత తక్కువ పెడితే అంత మంచిది.”

ఆయన తాపీతో మాలు పరిచేవారు కాదు. గరిటెజారుగా కలిపిన మాలులో ఇటుకను ఒక పక్క, ఒక కొస ముంచి, తీసి, కూర్చోబెట్టి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు రుద్ది, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టేవారు. అదనపు మాలు సందులోంచి పొంగి బయటికి వచ్చేది. దాన్ని గీకేసి తరువాతి ఇటుకకు చేయి చాచేవారు. ఒక్కొక్క ఇటుకకు నలభై సెకన్లు. నేను గడియారం పెట్టి చూశాను. పక్కన ఎవరైనా మాట్లాడుతున్నా, వాన కురుస్తున్నా ఆ నలభై సెకన్లు మారలేదు.

ఈ అలవాటు కర్మాగారం గేటు దగ్గర ఆగిపోలేదు. బంధువుల ఇంటికి వెళితే ముందు వాళ్ల స్నానాలగదిలో పలకల మధ్య అతుకులు చూసి వచ్చేవారు. “ఈ సందుల్లో పేకముక్కలు దాచుకోవచ్చు” అని గృహస్థు ముందే అనేవారు. ఇంట్లో రొట్టె ముక్కల మీద వెన్న రాసే పని మాత్రం అత్తయ్య ఆయనకు ఏనాడూ అప్పగించలేదు.

“మీ మామయ్య వెన్న రాశారో లేదో తెలుసుకోవాలంటే మళ్లీ ఆ రేకే పెట్టి చూసుకోవాలి. ఆ చేత్తో వెన్న తింటే ఈ జన్మలో ఒళ్లు చేయదు” అంటుంది అత్తయ్య.

పదవీ విరమణ తరువాత రెండేళ్లు ఆయన ఏమీ కట్టలేదు. పెరటి గోడను రెండుసార్లు విప్పి కట్టారు గానీ దాన్ని అత్తయ్య పనిగా లెక్కించలేదు. “చేతికి పని లేకపోతే కాలికి కుదురుండదు” అని ఊరుకుంది. అటువంటి సమయంలో మా అమ్మ రొట్టెల పొయ్యి కూలడానికి సిద్ధమైంది.

అమ్మ ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఇరవై సంవత్సరాలుగా వీధి మలుపులో రొట్టెల దుకాణం నడుపుతున్నది. దుకాణం వెనక గదిలో కట్టెలతో మండే పొయ్యి. లోపలే కట్టె కాల్చి, నిప్పులు బయటికి లాగి, వేడెక్కిన ఇటుక నేల మీద రొట్టెలు పెట్టి ఇనుప తలుపు మూస్తారు. ఆ పొయ్యి పైకప్పు, అంటే కమాను, మధ్యలో దిగబడిపోయింది. సరిగ్గా అప్పుడే పక్క వీధిలోని ఆడపిల్లల వసతిగృహం వారు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రోజూ ఉదయం నూట ఇరవై రొట్టెలు కావాలని అడిగారు. ఇరవై ఏళ్లలో అమ్మకు అంత పెద్ద బేరం రాలేదు. ఒకటో తేదీన రొట్టెలు అందకపోతే వారు మరొకరిని చూసుకుంటారు. ఆ మాట వార్డెను మర్యాదగానే చెప్పింది.

అమ్మ అన్నయ్య ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పింది.

“ఇంకెవర్నైనా పెట్టుకుంటే నిన్ను క్షమించేవాణ్ణి కాదే” అన్నారు మామయ్య, అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూర్చి.

“క్షమించడం సంగతి సరే, అన్నం తిని వెళ్లండి” అని అత్తయ్య లోపలినుంచి కేకేసింది. వినిపించుకోలేదు.

పాత పొయ్యి కమానునూ ముందుగోడనూ విప్పి, కొలతలు తీసి, కమానుకు కావలసిన, ఒక చివర సన్నబడే వాలు ఇటుకలు తెప్పించారు. అవి మూడు వారాల ముందు చెబితే గానీ రావు. ఆయన పాత పరిచయం వల్ల ఒక లారీలో మిగిలిపోయినవి ఐదు రోజుల్లో వచ్చాయి. కమానుకు ఇరవై మూడు వరుసలు, వరుసకు ఎనిమిది, మొత్తం నూట ఎనభై నాలుగు. ముందుగోడవి వేరు; పక్కగోడలు గట్టిగానే ఉన్నాయని కదపలేదు. విరిగితే పెట్టడానికి అదనంగా నాలుగున్నాయి. ఇక మాలు కొనాలి. నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి బయలుదేరారు.

అది కొలుముల సరుకు అమ్మే దుకాణం. ఇనుప అరల్లో సంచులు, మూత బిగించిన బక్కెట్లు. బల్ల వెనక నలభై ఏళ్ల స్త్రీ కూర్చుని ఉంది. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతున్నది.

“ఎంత వేడి, బాబాయ్‌గారూ?” అని అడిగింది.

“ఏది?”

“మీ పొయ్యి. లోపల ఎన్ని డిగ్రీలు వస్తుందండీ?”

మామయ్య నా వైపు చూసి నవ్వారు. “తల్లీ, నేను కట్టిన కొలుముల్లోకి డిగ్రీలు చూద్దామని తొంగిచూసినవాళ్లకి కనుబొమలు మిగల్లేదు. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ వేడి తట్టేది ఏదో అదివ్వు.”

“ఎక్కువ తట్టడం ఒకటే కాదండీ. మీ పొయ్యికి ఏది నప్పుతుందో…”

“మా చెల్లెలి పొయ్యమ్మా. చెల్లెలికి తక్కువరకం పెడతానా?”

ఆమె కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది. “సంచి వెనకవైపు రాసుంటుంది. కట్టేముందు ఒక్కసారి చదవండి బాబాయ్‌గారూ.”

“ముప్పై ఒక్క ఏళ్లు ఈ సంచులే చింపాను తల్లీ.”

దారిలో ఆయన ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టారు. బజారులో ఎవరో పలకరిస్తే, “మాలు కొనుక్కోవడానికి పరీక్ష రాసి వస్తున్నాం” అన్నారు.

పొయ్యి కట్టడం ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఆయన వయసు తగ్గినట్టు కనిపించారు. కర్మాగారంలోని ఆచారం ప్రకారం ముందు కమాను మొత్తాన్ని మాలు లేకుండా, కర్ర చట్రం మీద ఉత్తి ఇటుకలతోనే పేర్చి చూశారు. కుదరని ఇటుకను గరుకురాయి మీద అరగదీశారు. అన్నీ ఒద్దికగా కూర్చున్నాక ఒక్కొక్కదాని వీపు మీద, ముందుగోడ ఇటుకల మీద కూడా, నల్లని మైనపు పెన్సిలుతో అంకె వేశారు. “ఎనిమిదో వరుస, మూడోది” అని ఆయన చెబుతుంటే నేను నోటుబుక్కులో ఎక్కించాను. ఆ తరువాత అన్నీ దించి, మాలు కలిపి, అదే వరుసలో అదే ఇటుకను కూర్చోబెట్టారు. చిట్టచివరి ఇటుక వీపు మీద గోటితో గీసినంత సన్నగా ఒక అడ్డగీత గీశారు. అది ఆయన సంతకం.

ఖాళీ అయిన మాలు సంచులను అత్తయ్య దులిపి, పొయ్యి ముందు కాలిపట్టాలుగా పరిచింది.

చట్రం తీశాక కమాను అంగుళం కూడా కదలలేదు. పైన ఇసుక, బూడిద పోసి వేడి దాచే ఏర్పాటు చేశారు. ఐదు రోజులు మొదట పుల్లల మంట, తరువాత చిన్న కట్టెల మంట వేసి తడి ఆర్చారు. ఒకటో తేదీకి పదకొండు రోజుల ముందు అమ్మ మొదటి వాయి రొట్టెలు పెట్టింది.

రొట్టెలు బంగారు రంగులో వచ్చాయి. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమలడం మొదలుపెట్టి, ఆపింది. మళ్లీ నమిలింది. “బాగుందన్నయ్యా” అంది. ఆ వెంటనే మెత్తటి కుంచె ఒకటి వెతికి తెచ్చి రొట్టెల పైభాగాలు దులపసాగింది.

“ఏం దులుపుతున్నావే?”

“బూడిదేమో అన్నయ్యా. కట్టె బూడిద.”

అత్తయ్య కూడా ఒక ముక్క తీసుకుంది. ఆవిడకు దాచడం చేతకాదు. “ఈ రొట్టెలో మీ అన్నయ్య ప్రేమ బాగానే ఉంది వదినా, కానీ పళ్లకి తగులుతోంది” అంది.

నేను రొట్టె పైపొర వేలితో రుద్దాను. వేలికి సన్నని లేత బూడిదరంగు పొడి అంటింది. కట్టె బూడిద మెత్తగా ఉంటుంది. ఇది ముగ్గుపిండిలా గరగరలాడింది. పొయ్యి నేల మీద కూడా ఇరవై మూడు వరుసల అతుకుల కింద చారలు చారలుగా అదే పొడి పడి ఉంది. ఆ చారలు కూడా ఎంత సన్నగా, ఎంత తిన్నగా ఉన్నాయో నేను చెప్పాలి. అతుకులు అలా ఉన్నాయి కాబట్టి చారలూ అలాగే ఉన్నాయి.

“కొత్త పొయ్యి కదా. మొదట్లో కాస్త రాలుతుంది. వేడి చాల్లేదు, అంతే” అన్నారు మామయ్య.

మరుసటి రోజు ఆయనే పొయ్యి ముందు కూర్చున్నారు. రెండు రోజుల పాటు, ఉదయం మొదలుకొని సాయంత్రం వరకు, కట్టె మీద కట్టె వేశారు. గాలి విసరడానికి పాత ఫ్యాను తెచ్చి పెట్టారు. గదిలో నిలబడలేకపోయాం. అమ్మ నెలకు కాల్చే కట్టెలో సగం ఆ రెండు రోజుల్లో ఖర్చయింది. వేడి చూద్దామని పెట్టిన రొట్టె ఒకటి పావుగంటలో బొగ్గయింది.

“వదినా, ఈ పొయ్యిలో గాజు కరిగించి సీసాలు చేయించు. రొట్టెల బేరం కంటే నయం” అంది అత్తయ్య. అమ్మ ఆవిడ చేయి గిల్లింది.

మామయ్యకు థర్మామీటరుతో పని లేదు. కొలిమి రంగు చూసి వేడి చెప్పగలరు. మొదట మందారపువ్వు ఎరుపు. ఆ తరువాత నారింజ తొన. ఆపైన నిమ్మపండు. అది దాటితే సున్నపు తెలుపు, అప్పుడు నల్ల అద్దం లేకుండా చూడకూడదు. నారింజ తొన రంగు వచ్చాకనే మాలు కరిగి ఇటుకను కరిచి పట్టుకుంటుంది. అంతవరకు అది నీళ్లారిన మట్టి మాత్రమే. ఈ విషయం నాకు ఎన్నోసార్లు చెప్పినది ఆయనే.

రెండో రోజు మధ్యాహ్నం నిప్పులన్నీ బయటికి లాగి, ఆయన పొయ్యి నోటిలో తల వంచి కమాను వైపు చూశారు. చాలాసేపు చూశారు. మసి కాలిపోయి ఇటుక తెల్లబడింది. అంతే.

“రంగు లేదు” అన్నారు.

“ఏమిటి మామయ్యా?”

“నాకు తెలిసిన రంగుల్లో ఒక్కటీ రాలేదమ్మా. మందారం కూడా రాలేదు. ఇంత కట్టె వేస్తే మందారం కూడా రాలేదంటే, రోజూ రొట్టెలకి వేసే మంటకి ఏ రంగొస్తుంది?” ఆయన గొంతు తగ్గింది. “ఈ మాలు ఎప్పటికి గట్టిపడుతుంది?”

పొయ్యి కాస్త చల్లారే దాకా ఆయన ఆ గది వదలలేదు. సాయంత్రం జేబులోంచి రేకు తీశారు. తడి గోనెగుడ్డ చుట్టుకున్న చేయి లోపలికి చాపి, పదకొండో వరుస అతుకు మీద కొన ఆనించారు. రేకు దిగింది. గుడ్డపీలిక అడ్డుపడేదాకా దిగింది. బయటికి లాగితే దాని వెంట బూడిదరంగు పొడి జలజల రాలింది. ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆయన అతుకులో రేకు అంత లోతు దిగడం అదే మొదటిసారి.

అప్పుడు ఆయన కిందికి చూశారు. కాళ్ల కింద అత్తయ్య పరిచిన సంచి. వెనకవైపు పైకి తిరిగి ఉంది. కళ్లజోడు ఇంట్లో ఉండటంతో నన్ను చదవమన్నారు. నేను చదివాను: ఈ మాలు వెయ్యి డిగ్రీలు దాటిన తరువాతనే గట్టిపడుతుంది; అంతకంటే తక్కువ వేడి ఉండే పొయ్యిలకు గాలికి గట్టిపడే రకం వాడవలెను. ఇన్ని రోజులుగా ఆయన ఆ అక్షరాల మీదనే నిలబడి పనిచేశారు.

ఇక్కడ ఒక విషయం చెప్పడం న్యాయం. కర్మాగారంలో మాలు ఎంచేది మామయ్య కాదు. ఏ కొలిమికి ఏ ఇటుక, ఏ ఇటుకకు ఏ మాలు అన్నది స్టోరు గదిలో ఇంజినీరు నిర్ణయించేవాడు. సంచులు చక్రాల బండి మీద వచ్చేవి. మామయ్య విప్పి కలిపేవారు. అక్కడి కొలుములన్నీ నిమ్మపండు రంగు దాకా వెళ్లేవి కనుక వచ్చే సంచులన్నీ ఒకే రకం. మాలు వాడటంలో ఆయనను మించినవారు లేరు. మాలు ఎంచుకోవడం మాత్రం అరవై రెండో ఏట, చెల్లెలి పొయ్యి కోసం, మొదటిసారి చేశారు. ప్రేమతో ఎంచుకున్నారు. ప్రేమ ఎప్పుడూ పై అరలో ఉన్నదాన్నే అడుగుతుంది.

“పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారన్నమాట” అంది అత్తయ్య. కానీ ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు. మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చి పక్కన కూర్చుంది.

అమ్మ నిలబడే ఆలోచించింది. “అన్నయ్యా, కమాను పడిపోదు కదా?”

“పడదు. కమాను మాలు మీద నిలబడదు, తన బరువు మీద తను నిలబడుతుంది. ఇరవై ఏళ్లయినా పడదు.”

“అయితే ఇలాగే ఉంచేద్దాం. రొట్టెల మీద రేకు మూతలు బోర్లిస్తాను. పొడి మూతల మీద పడుతుంది. ఎవరికీ తెలియదు.”

“నీకు తెలుసు.”

“నేను నీ చెల్లెల్ని. నాకు తెలిస్తే ఏమైంది?”

“నూట ఇరవై మంది ఆడపిల్లల పళ్ల కింద నా పేరు కరకరలాడాలా? మూత ఒకరోజు సరిగా మూయవు. ఒకరోజు నీకు జ్వరమొస్తుంది. వద్దే. విప్పుతాను.”

“తొమ్మిది రోజులే ఉన్నాయి అన్నయ్యా. కొత్త ఇటుకలు మూడు వారాలకి గానీ రావు. విప్పితే సగం విరుగుతాయి. పాత పొయ్యి విప్పినప్పుడు చూశాం కదా, ఒక్కటైనా సాబూతుగా వచ్చిందా? ఒకటో తేదీ పోతే పోనీ అనుకున్నా, పొయ్యే లేకుండా పోతే నేనేం చెయ్యను?”

పొయ్యి ఉండి పొడి రాలడమా, పొయ్యే లేకుండా పోవడమా అన్నది అమ్మ లెక్క. ఆమె తప్పు ఏమీ లేదు.

మామయ్య లేచి, పొయ్యి ముందుగోడలోని ఒక ఇటుకను రెండు చేతులా పట్టుకుని మెల్లగా కదిపారు. అది పళ్లెంలోంచి రొట్టె తీసినట్టు చేతిలోకి వచ్చేసింది. అంచు చెదరలేదు. ఆయన తడిగుడ్డతో దాని వీపు తుడిచారు. మాలు పోయింది, కింద కొత్త ఇటుక. మైనం కరిగినా నల్లని అంకె అలాగే ఉంది.

ఆయన ఆ ఇటుకను అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“పట్టుకోని మాలు కదే, వదిలేసింది కూడా తేలిగ్గానే. నా తప్పు నీ ఇటుకలని కాపాడింది” అన్నారు మామయ్య.

“రొట్టె విరిగి నేతిలో పడటమంటే ఇదే” అంది అత్తయ్య. “ఇంక లేవండి, పొద్దున్నే ఆ ప్రశ్నలమ్మ దగ్గరికి వెళ్లాలి. నేనూ వస్తాను. మీరేం జవాబు చెబుతారో వినాలి.”

మరునాడు దుకాణంలో ఆ స్త్రీ మమ్మల్ని చూసి కళ్లజోడు సర్దుకుంది. సంచి తిరిగి ఇవ్వడానికి వచ్చారనుకుందేమో. మామయ్య బల్ల ముందు నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు కట్టుకున్నారు.

“అమ్మా, ఆ రోజు నువ్వో మాట అడిగావు. మళ్లీ అడుగు.”

ఆమె నవ్వు ఆపుకుని అడిగింది. “ఎంత వేడి, బాబాయ్‌గారూ?”

“రొట్టెల పొయ్యి తల్లీ. మూడొందల డిగ్రీలు. మంట ఉన్నప్పుడు కమాను దగ్గర ఇంకో మూడొందలు వేసుకో. రంగు రాదు.”

“ఇటుక ఏ రకం?”

ఆయన అదనపు ఇటుకల్లో ఒకటి చేతిసంచిలోంచి తీసి ఇచ్చారు. ఆమె దాని అంచు మీది ముద్ర చూసి, లోపలికి వెళ్లి మూత బిగించిన బక్కెట్లు రెండు తెచ్చింది. “ఇది గాలికి గట్టిపడుతుందండీ. ఆరుతున్నప్పుడే పట్టేసుకుంటుంది, నిప్పు రంగు దాకా ఆగదు. మీ ఇటుక రకానికి సరిపోయేదే ఇచ్చాను. ఇటుక కంటే మాలు గొప్పదైనా ఇబ్బందే, తక్కువదైనా ఇబ్బందే.”

“గంతకు తగ్గ బొంత” అన్నారు మామయ్య.

“అంతేనండీ. బక్కెట్ మీద తేదీ చూసుకోండి. అడుగున పేరుకుంటుంది, కర్రతో బాగా తిప్పండి. నీళ్లు పోయకండి. మూత తెరిచి వదిలేయకండి, బక్కెట్‌లోనే రాయైపోతుంది. అతుకు వీలైనంత సన్నగా…”

“ఆ మాట మాత్రం ఆయనకి చెప్పక్కర్లేదమ్మా” అంది అత్తయ్య.

అప్పుడు మామయ్య చేసిన పని నేను ఊహించలేదు. బక్కెట్‌ను బల్ల మీద తిప్పి, దాని వెనకవైపు రాసి ఉన్నదంతా నాచేత పైకి చదివించారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. ఒకచోట అర్థం కాక ఆమెను రెండుసార్లు అడిగారు. బయటికి వచ్చాక ఆమెను ప్రశ్నలమ్మ అనలేదు. “తెలివైన మనిషి” అని మాత్రం అన్నారు.

మిగిలినది నోటుబుక్కులో ఉన్నట్టే జరిగింది. పైన పోసిన ఇసుక తోడేశారు, ముందుగోడ విప్పారు, కర్ర చట్రాన్ని మళ్లీ కమాను కిందికి జరిపారు. ఒక్కరోజులో నూట ఎనభై నాలుగు ఇటుకలూ దిగాయి. విరిగినవి రెండు. అవి కూడా నా చేయి జారి విరిగినవే. అదనంగా ఉన్న నాలుగింటిలో రెండు వాటి స్థానంలోకి వెళ్లాయి. మరుసటి రోజు దుకాణం వెనక పెరట్లో అమ్మ, అత్తయ్య, నేను వరుసగా కూర్చుని గోనెగుడ్డతో ఇటుకలు తుడిచాం. అంకె చెరిగితే మామయ్య ఊరుకోరని అత్తయ్య ప్రతి ఇటుకనూ పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచింది. “పెళ్లైన ముప్పై ఐదేళ్లలో ఈయన ఇటుకలు నేను కడగాల్సి రావడం ఇదే మొదలు” అంటూనే ఉంది.

కట్టడానికి ఈసారి రెండు రోజులు చాలాయి. అరగదీయడం ముందే అయింది, ఏ ఇటుక ఎక్కడిదో అంకె చెబుతున్నది. కొత్త మాలు చేతికి వేరుగా ఉందని ఆయన మొదటి అరగంట చిరాకుపడ్డారు. అది జిగటగా ఉండి త్వరగా బిగుసుకుంటుంది. రెండోసారి రుద్దేలోపే ఇటుక కదలనంటుంది. ఆయన నలభై సెకన్లు ఇరవై ఎనిమిదికి తగ్గాయి. ఇరవయ్యో ఇటుక దగ్గర చేయి దారిలో పడింది. “ఈ వయసులో కొత్త నడక నేర్పిస్తోందమ్మా ఇది” అన్నారు, కోపంగా కాదు.

చిట్టచివరి ఇటుకను కూర్చోబెట్టే ముందు దాని వీపు చూశారు. పాత అడ్డగీత చెరగలేదు. దాని కింద, అంతే సన్నగా, రెండో గీత గీశారు. ఎందుకని అడిగాను.

“ఒకటి కట్టినందుకు. ఒకటి విప్పినందుకు. రేపు ఎవడైనా మేస్త్రీ ఈ పొయ్యి విప్పితే, వీడు రెండుసార్లు కట్టాడని తెలియాలి కదా.”

ఒక రోజు గాలికి వదిలారు. మూడు రోజులు పుల్లల మంట, కట్టె మంట, ఒకదాని తరువాత ఒకటి. నెలాఖరు రోజు సాయంత్రం అమ్మ పిండి కలిపి ఆరు రొట్టెలు పెట్టింది. అందరం గదిలోనే ఉన్నాం. పొయ్యి నేల మీద పొడి చారలు లేవు. మామయ్య అంతకు ముందే రేకు తీసి పదకొండో వరుసలో ఆనించి చూశారు; కొన వంగింది గానీ దిగలేదు. అయినా ఆయన ముఖంలో నమ్మకం కుదరలేదు. రేకు మాట రేకుది, పళ్ల మాట పళ్లది.

రొట్టెలు వచ్చాయి. అమ్మ ఒకటి విరిచి, పైపొరతో సహా పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. మామయ్య ఆమె దవడ వైపు చూస్తున్నారు. అమ్మ నమిలింది. ఆపింది. మళ్లీ నమిలింది. నుదురు ముడిచింది.

“ఏమే?” అన్నారు మామయ్య. “చెప్పవేం? తగులుతోందా?”

అమ్మ మింగి, ముక్కను అత్తయ్యకు అందించింది. అత్తయ్య కొరికి, నమిలి, అమ్మ ముఖం చూసింది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

“ఉప్పు వేయడం మర్చిపోయాను అన్నయ్యా” అంది అమ్మ.

మామయ్య కూడా నవ్వేశారు. ఆ తరువాత ఒక చప్పటి ముక్క తీసుకుని, వెన్న గిన్నె దగ్గరికి జరిపి, జేబులోని రేకును గుడ్డతో తుడిచి, దానితోనే వెన్న రాయడం మొదలుపెట్టారు.

“మందంగా రాయండి” అంది అత్తయ్య.